భార్యను విడిగా అడిగే దేశంలో

సకినాలు దాటిన గేటు

ఆక్లండ్‌లో విమానం దిగగానే అక్కడి ప్రభుత్వం నన్ను అడిగిన మొదటి ప్రశ్న, తినే వస్తువులు ఏమైనా తెచ్చావా అని. నా సంచిలో రెండు డబ్బాల సకినాలు ఉన్నాయి. లేవని చెప్పడానికి నోరు దానంతట అదే తెరుచుకుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సర్కారు అడిగినదానికే జవాబు చెప్పాలి, అదీ సగమే. మా నాయనమ్మది నల్లగొండ జిల్లా. ఆమె చిన్నతనంలో, సాయుధ పోరాటం రోజుల్లో, తుపాకులున్నాయేమోనని ఇల్లు సోదా చేయడానికి ముందు ఒక జెండా వాళ్ళు వచ్చారు, తర్వాత ఇంకో జెండా వాళ్ళు వచ్చారు. ఇద్దరూ వడ్ల గుమ్మిని ఒకే తీరుగా కుమ్మరించిపోయారని చెప్పేది. నేను హనుమకొండలో డిగ్రీ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. ఇన్నేళ్ళలో ప్రభుత్వం ఎలా ఏర్పడుతుందో చెప్పానుగానీ, దాన్ని నమ్మమని ఏ క్లాసులోనూ చెప్పలేదు.

కానీ మా చెల్లెలు సునంద ముందే ఫోన్లో బెదిరించింది. "అక్కా, అన్నీ చెప్పు. దాచినవనుకో, ఫైన్ ఏస్తరు. నా పరువు గంగల కలుస్తది." అందుకని చెప్పాను. గేటు దగ్గరున్న అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని ఒక సకినాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, చుట్లన్నీ చూసి, "ఇది చేత్తో చేశారా?" అని అడిగింది. అవునన్నాను. "మీకు చాలా ఓపిక" అంది. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆ మాట అనరు. డబ్బాలు తిరిగి ఇచ్చేసింది.

ఉన్నది ఉన్నట్టు చెబితే సర్కారు వదిలేయడం నాకు కొత్త. నచ్చలేదు కూడా. ఇందులో ఏదో మతలబు ఉందనుకుంటూ బయటికి వచ్చాను.

శాండ్రింగ్‌హామ్

సునంద, ఆమె భర్త రఘు నన్ను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఇంటికి తీసుకుపోలేదు. శాండ్రింగ్‌హామ్‌లో సరుకుల దుకాణం ముందు ఆపారు. రఘు డిక్కీలోంచి గోంగూర కట్టలు దించాడు. ఈ దంపతులు పన్నెండేళ్ళ కిందట వచ్చి, పక్కనే మౌంట్ రాస్కిల్‌లో అద్దెకు ఉండి, ఇక్కడే ఒక హోటల్ నడిపారు. అది మూతపడ్డాక పాపకూర అనే ఊరు దాటి కాస్త పొలమున్న ఇల్లు తీసుకున్నారు. రఘు వారంలో కొన్ని రోజులు గోడౌన్లో పని చేస్తాడు, మిగతా రోజులు కూరగాయలు పండిస్తాడు. సునంద పసిపిల్లల కేంద్రంలో టీచరు. ఒక్క కూతురు డునెడిన్‌లో చదువుకుంటోంది.

లోపలికి అడుగుపెడితే మన బేగంబజారును ఒక గదిలో కుక్కినట్టుంది. గోంగూర కట్ట ఐదు డాలర్లు. మన లెక్కలో ఎంతో వేసుకోబోయి, గుండె జారిపోతుందని మానేశాను. దుకాణం నడిపేది నఫీసా. మలక్‌పేట మనిషి, నాకంటే కాస్త చిన్నది.

"రఘు భాయ్, చిక్కుడుకాయ ఏది? పోయిన వారం కూడా తేలే."

"కుందేళ్ళు ఆపా. మొలక లేస్తే చాలు, కొరికేస్తున్నయ్. తుపాకీ లైసెన్సుకు అప్లై చేసిన. వచ్చే వారం ఆఫీసరు ఇంటికొస్తడు."

నఫీసా చేయి కాటా మీద ఆగిపోయింది. కట్టలు లెక్కపెట్టడం అయిపోయాక, రఘు బయటికి వెళ్ళాక, నాతో అంది.

"క్రైస్ట్‌చర్చ్ మసీదులల్ల ఒకడు తుపాకీతోని అంతమందిని సంపినంక, అక్కా, మా ఆయన శుక్రవారం నమాజుకు పోతే కారు వాపస్ వచ్చిన సప్పుడు ఇనేదాక నేను ఏ పనీ చెయ్యలే. ఇప్పటికీ అంతే. అప్పుడు గవర్నమెంటోళ్ళు ఆ పెద్ద పెద్ద తుపాకులన్నీ పైసలిచ్చి వాపస్ తీసుకున్నరు. ఇప్పుడు ఆ చట్టం మళ్ళ రాస్తున్నరంట. ఏం రాస్తరో, ఏం కొట్టేస్తరో!"

"రఘు కుందేళ్ళ కోసం అడుగుతున్నడు నఫీసా. చిన్న తుపాకీ."

"రఘు భాయ్ మంచోడు. నేను కాదంటలేను. అడిగేటోళ్ళందరు మంచోళ్ళే ఉంటరు గద."

నాకు వాదన లేకపోతే ముద్ద దిగదు. "సర్కారు మీద నీకు అంత నమ్మకమేంది?" అని నిలదీశాను.

నఫీసా నవ్వింది. "నమ్మకం కాదు అక్కా. ఇంకెవర్ని నమ్మాలె ఇక్కడ? నీకు ఎవరన్న తెలిస్తే చెప్పు, ఆళ్ళనే నమ్ముత."

ఆ మాటకు బదులు దారంతా వెతుక్కున్నాను.

పాపకూర దాటాక

పాపకూర ఊరు దాటి పది నిమిషాలు పోతే సునంద వాళ్ళ ఇల్లు. పచ్చటి గుట్టలు, చెక్క ఇల్లు, ముందు వరండా. సాయంత్రం ఎండ వాలేసరికి కుందేళ్ళు వచ్చాయి. బొమ్మల పుస్తకంలో ముద్దొచ్చే జాతి కాదు. మన అసెంబ్లీ సభ్యుల్లా నింపాదిగా, ఎవరి వరుసలో వారు కూర్చుని, మా చెల్లెలి చిక్కుడు మడిని నమిలేశాయి. చప్పట్లు కొట్టాను. ఒకటి తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

అన్నం తింటూ రఘు లైసెన్సు సంగతి చెప్పాడు. పాఠం చదవాలి, పరీక్ష రాయాలి. ఆఫీసరు ఇంటికి వచ్చి తుపాకీ దాచే ఇనుప బీరువా గోడకు బిగించారో లేదో ఊపి చూస్తాడు. ఇద్దరు మనుషులను అడుగుతాడు. ఒకరు బయటివాళ్ళు, అంటే పక్క పొలం గ్రేమ్. ఇంకొకరు ఇంట్లోవాళ్ళు, అంటే భార్య. ఆమెను విడిగా కూర్చోబెట్టి అడుగుతాడు.

నేను పొలమారేదాకా నవ్వాను. "పెళ్ళాన్ని అడిగి మొగనికి తుపాకీ ఇస్తరా? మా అపార్ట్‌మెంట్ల మూడో అంతస్తు ఆయనకు రివాల్వరుంది. ఎవరో పెద్దమనిషి ఒక్క ఫోన్ కొడితే లైసెన్సు వచ్చిందని ఆయనే చెప్పుకుంటడు. అసోసియేషన్ మీటింగుల దాన్ని నడుం నుంచి తీసి, మిర్చి బజ్జీల ప్లేటు పక్కన పెట్టి కూర్చుంటడు. లిఫ్టు రిపేరు గురించి ఎవరు నోరెత్తుతరు?"

"మీరు ఎత్తుతరు వదినా" అన్నాడు రఘు.

"నేను ఎత్తుత. అయినా లిఫ్టు బాగుకాలే."

రఘు నవ్వాడు. సునంద నవ్వలేదు. లేచి పెరుగు తేవడానికి పోయింది. పెరుగు గిన్నె అప్పటికే మా ముందుంది.

మర్నాడు పొద్దున గోంగూర తుంచుతూ చెప్పింది. హోటల్ మూసేశాక పోయిన చలికాలంలో రఘు మాట్లాడడం మానేశాడట. గరాజులో కారెక్కి కూర్చునేవాడట, ఎక్కడికీ పోకుండా. డాక్టరు మందులిస్తే కొన్నాళ్ళు వేసుకుని ఆపేశాడు. వసంతం వచ్చి విత్తనాలు పెట్టాక మళ్ళీ మనిషయ్యాడు. ఇప్పుడు కుందేళ్ళు ఆ మడినే తింటున్నాయి.

"నన్ను కొడ్తడని కాదు అక్కా. ఇంతవరకు నా మీద చెయ్యెత్తలే. నా భయం ఆయన గురించే. మళ్ళ చలికాలం వస్తది. ఇంట్ల తుపాకీ ఉంటది."

చేతిలోని కట్ట కింద పెట్టాను. "ఆయనకు చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె? మంచిగున్నడిప్పుడు. నువ్వు మంచిగ లేవని నేనే అన్నట్టయితది. ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలె?"

నేను మా నాయనమ్మ మనవరాలినే అయ్యాను. "ఏం చెప్పకు. అవును, కాదు, అంతే. సర్కారోనికి చెప్పిన మాట ఫైలుల పడ్తది. రేపు ఉద్యోగానికి అడ్డమొస్తది, ఇన్సూరెన్సుకు అడ్డమొస్తది. ఇంటి సంగతి ఇంట్లనే ఉండాలె."

"ఇంట్ల ఎవరున్నరక్కా?" అంది సునంద.

తుంచిన గోంగూర ఎత్తుకుని లోపలికి పోయింది. నేను మాత్రం ఆ రోజంతా ఒకచోట కూర్చోలేకపోయాను. కంచె వెంబడి నడిచాను, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

తే కూయిటి

ఆ శనివారం పక్క పొలం గ్రేమ్ తన కారులో మమ్మల్ని దక్షిణానికి తీసుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషి, ఎండైనా వానైనా నిక్కరే. అతని పుట్టినూరు దగ్గర తే కూయిటిలో తుపాకుల చట్టం మీద సభ ఉంది. "మీ వదిన గవర్నమెంటు పాఠం చెబుతుందన్నావుగా, రానీ" అన్నాడట రఘుతో. లైసెన్సు చేతికి వచ్చే ముందు ఆ గోలంతా రఘు కూడా వినాలని అతని ఉద్దేశం.

దారిలో బేకరీ దగ్గర ఆగాం. ఇక్కడ ఆకలేస్తే చేతిలో పట్టేంత ‘పై’ అని ఒకటి తింటారు. మన కర్రీ పఫ్‌కు పెద్దన్న లాంటిది. కూరగాయలదే ఇమ్మన్నాను. కొరకగానే లోపలి చీజు పొగలు కక్కుతూ నాలుకంతా అంటుకుంది. "ఊదుకుని తినాలి, ఇక్కడ పుట్టిన పిల్లలకైనా తెలుసు" అన్నాడు గ్రేమ్. నోరు కాలినందుకు తిరుగు సమాధానం ఇవ్వలేకపోయాను. ఆ ప్రయాణంలో మా వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క ప్రశాంతమైన అరగంట అదే.

తే కూయిటి ఊరి కొసన గొర్రెకు ఉన్ని కత్తిరిస్తున్న మనిషి విగ్రహం ఉంది. మన దగ్గర అంత ఎత్తున నాయకులు మాత్రమే నిలబడతారు. సభకు వచ్చేవాళ్ళు తలా ఒక పదార్థం తెచ్చి బల్ల మీద పెట్టడం అక్కడి ఆనవాయితీ. సునంద నా సకినాలు పట్టుకొచ్చింది. ఒక పెద్దాయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "మా ట్రాక్టరుకు సరిగ్గా ఈ సైజు వాషరే కావాలి" అన్నాడు. తర్వాత నాలుగు తిని జేబులో రెండు వేసుకున్నాడు.

సభ మొదలయ్యాక ఎవరి మాట వారిదే. ఒకాయన, "నా తుపాకీ నంబరు ఈరోజు రాసుకున్నవాడు రేపు వచ్చి తీసుకుపోడని గ్యారంటీ ఏమిటి?" అన్నాడు. ఇంకొకామె, "మా స్కూల్లో పిల్లలకు తలుపులేసుకుని బల్లల కింద దాక్కోవడం నేర్పిస్తున్నాం, మీకు నంబరు గొడవ!" అని లేచింది. గ్రేమ్ కూడా నిలబడ్డాడు. తన పెద్ద తుపాకీ ప్రభుత్వానికి ఇచ్చేశాడట. "ఇచ్చినందుకు ఏడవలేదు. ఇచ్చిన రోజున లైన్లో నన్ను దొంగలా నిలబెట్టారు, దానికి ఏడ్చాను" అని కూర్చున్నాడు.

చివర్లో ఒక పడుచువాడు, "ఇంటికొచ్చి భార్యను పక్కకు తీసుకెళ్ళి అడుగుతారు. మన ఆడవాళ్ళను మన మీద వేగులుగా మార్చడం కాదా ఇది?" అన్నాడు.

నేను చప్పట్లు కొట్టాను. గట్టిగానే. రెండు వరుసల అవతల నుంచి నా చెల్లెలు చూసిన చూపుతో చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి.

చాయ్ దగ్గర ఒకామె నా పక్కన నిలబడింది. నా వయసే ఉంటుంది. పేరు మీరియానా. మావోరీ, ఆ దేశపు మూలవాసి. "చప్పట్లు కొట్టింది నువ్వేగా? ఎక్కడ దిగావు?" అంది. పాపకూర అన్నాను.

"అక్కడ ఒకప్పుడు మా వాళ్ళుండేవారు. తుపాకులు అప్పగించి బ్రిటిష్ రాణికి విధేయులమని ప్రమాణం చేయండి, లేదంటే దక్షిణానికి పొండి అన్నారు. దక్షిణానికి వచ్చాం. భూములు లాక్కున్నారు. గవర్నమెంటును నమ్మకపోవడం ఈ హాల్లో కొందరికి కొత్త సరదా. మాకు పాతదే."

ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు సరైన మనిషి దొరికిందనుకుని వడ్ల గుమ్మి కథ చెప్పాను. ఆమె శ్రద్ధగా విని తలూపింది. ఆ ఊపులో, పేరు ఎత్తకుండా, నాకు తెలిసిన ఒకామె అని సునంద సంగతి కూడా చెప్పాను. ఏమీ చెప్పవద్దని సలహా ఇచ్చానన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

మీరియానా కప్పు కింద పెట్టింది. "మా తమ్ముడికి ఒక ఏడు మనసు బాగాలేదు. మేమూ గవర్నమెంటుకు చెప్పలేదు. మా మేనత్తలు ముగ్గురు కారేసుకుని పోయారు. ఒకామె వంట మొదలుపెట్టింది, ఒకామె వాడి పక్కన కూర్చుంది, ఒకామె తుపాకీ తీసుకుని తన ఇంటికి పోయింది. ఏడాది ఇవ్వలేదు." నా వైపు తిరిగింది. "నీకు తెలిసిన ఆమెకు ఇక్కడ మేనత్తలున్నారా?"

శాండ్రింగ్‌హామ్‌లో ప్రతి రెండో మనిషీ ఎవరికో ఒకరికి ఆంటీ. పుట్టినరోజు కేకు కోస్తే యాభై మంది ఆంటీలు వస్తారు. చెప్పకుండా కారేసుకుని వచ్చి, బీరువా తాళం అడిగి, తుపాకీ పట్టుకుపోయే హక్కున్న మనిషి ఒక్కతీ లేదు. ఉన్నదల్లా నేను. నాకు వచ్చే గురువారం విమానం.

"లేరు" అన్నాను.

"అయితే అడగడానికి వచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు" అంది మీరియానా, నా సకినం ఒకటి కొరుకుతూ. "పాడు రాజ్యమే అనుకో. అయినా అడుగుతోంది."

తిరుగు దారిలో గ్రేమ్, రఘు ముందు సీట్లలో కుందేళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నేనూ సునందా వెనక కూర్చుని చెరో కిటికీలోంచి చూశాం.

వరండా

ఆఫీసరు వచ్చే రోజు మా ఇంట్లో పెళ్ళివారు వస్తున్నంత హడావుడి. ఎవరినైనా ఖాళీ కడుపుతో పంపే అలవాటు మాకు లేదు. పులిహోర కలిపాం, గారెలకు రుబ్బాం. సునంద నూనెలో గారె వదులుతూ, తలెత్తకుండా అడిగింది. "ఏం చెప్పాలె అక్కా?"

"నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు."

"ఇదేం జవాబు? మొన్నటిదాక లెక్చర్ ఇచ్చినవ్ గద!"

"క్లాసు అయిపోయింది" అన్నాను. చెబితే, ఆ మాట రఘు ముందుకు వస్తే, వాళ్ళిద్దరి మధ్య ఏం మిగులుతుందో తెలియదు. చెప్పకపోతే వచ్చే చలికాలం ఉంది.

ఆఫీసరు పేరు పాట్రిక్. యాభై దాటిన బక్క మనిషి. గుమ్మం ముందు మా చెప్పులు చూసి తన బూట్లూ విప్పేశాడు. ఒక మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. చిల్లున్న మేజోడుతో వచ్చిన సర్కారును నేనెప్పుడూ చూడలేదు. గరాజులో ఇనుప బీరువాను పట్టి ఊపాడు. రఘుతో చాలాసేపు మాట్లాడాడు. గారెలు తర్వాత తింటానన్నాడు. చివరికి, "ఇప్పుడు సునందతో ఒంటరిగా మాట్లాడాలి" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. "నేను ఆమె అక్కను. మాలో ఆడపిల్లను కొత్త మనిషి ముందు ఒంటరిగా కూర్చోబెట్టం."

"తలుపు తీసే ఉంచుతాను. మీరు కనిపించేంత దగ్గర్లో, వినిపించనంత దూరంలో ఉండండి."

"ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను చెప్తాను."

రోజూ ఆ దేశం పిల్లలకు ఇంగ్లీషులో కథలు చెబుతున్న నా చెల్లెలు నా భుజం మీద చేయి వేసింది. "అక్కా, నువ్వు బయటికి పో."

పుట్టిన నాటి నుంచి అది నన్ను అలా అనలేదు. పోయాను.

వరండాలో ఒక బెంచీ. ఒక కొస రఘు, ఒక కొస నేను. లోపలి నుంచి గొణుగుడు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. పట్టపగలే కుందేళ్ళు మడిలోకి దిగాయి. రఘు వాటిని కొట్టడానికి లేవలేదు. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

"కూసోండి వదినా. ఏమడుగుతడు? కోపమొస్తదా, తాగుతడా, అంతే గద."

మీరియానా మేనత్తలు గుర్తొచ్చారు. వంట అయింది. పక్కన కూర్చోవడం మిగిలింది. బెంచీ కొస నుంచి జరిగి అతని పక్కకు వచ్చాను.

"రఘూ, పోయిన చలికాలం ఎట్లుంటివి?"

అతను నా వైపు తిరగలేదు. "సునంద చెప్పిందా?"

"గరాజుల కారు సంగతి చెప్పింది."

చెప్పు అంచుతో నేల మీద మట్టిని గీకాడు. "అది అయిపోయింది వదినా. ఇప్పుడు మంచిగున్న."

"తుపాకీ కుందేళ్ళ కోసమేనా?"

"కుందేళ్ళ కోసమే."

"నిజంగ చెప్పు."

గాలికి చిక్కుడు పందిరి మీద ఖాళీ తీగలు ఊగాయి. రఘు ముఖం ఒకసారి రెండు చేతులతో రుద్దుకున్నాడు.

"చాలావరకు" అన్నాడు.

అతని చేయి పట్టుకున్నాను. వదినా మరుదులం మేము అంతవరకూ పరాచికాలాడుకున్నాంగానీ, చేయి పట్టుకున్నది లేదు. గట్టిగా పట్టుకుంటే, అతనూ పట్టుకున్నాడు.

"అది లోపలున్న ఆయనకు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు" అన్నాను. సర్కారుకు నిజం చెప్పమని నేను ఒకరికి నూరిపోయడం అదే మొదలు.

సునంద బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల మాత్రం పైకే ఉంది. భర్త ముఖంలోకి చూసింది. నేను పట్టుకున్న చేతిని చూసింది. రఘు లేచి, పాట్రిక్‌తో పాటు అతని కారు దాకా నడిచాడు. వంటింటి కిటికీలోంచి మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. రఘు చేతులు కట్టుకుని మాట్లాడాడు. తర్వాత చేతులు విప్పేసి మాట్లాడాడు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. పాట్రిక్ అతని భుజం తట్టలేదు, ఏ సినిమా వేషమూ వేయలేదు. పక్కన నిలబడి అదే గుట్ట వైపు చూశాడు.

"ఏం చెప్పినవే?" అని సునందను అడిగాను.

"అడిగింది చెప్పిన."

"సగమా?"

"మొత్తం." గారెల పళ్ళెం మీద కాగితం సవరిస్తూ అంది. "మస్తు అడిగిండక్కా. ఆఖరికి ఒక్కటడిగిండు. ఈ ఇంట్ల తుపాకీ ఉంటే నీకు నిద్ర పడ్తదా అని. అంతే, ఇక ఆగలే."

రఘు, పాట్రిక్‌ను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. "చాయ్ పెట్టు" అన్నాడు సునందతో. కప్పు చేతిలోకి తీసుకున్నాక చెప్పాడు. "ఇప్పుడొద్దని నేనే చెప్పిన. అప్లికేషన్ వాపస్ తీసుకుంట." చాయ్‌లో చక్కెర తక్కువైందని గొణిగాడు. సునంద డబ్బా తెచ్చి ఒక చెంచా ఎక్కువే వేసింది. పాట్రిక్ పోతూ గారెలు మూటకట్టించుకున్నాడు, అడిగి మరీ.

హనుమకొండ

నేను ఆ ప్రభుత్వాన్ని నమ్మానని ఎవరూ అనుకోవద్దు. ఫైలులో సునంద మాటలు ఎలా రాశారో, రేపు ఎవరు చదువుతారో నాకు ఇప్పటికీ బెంగే. మీరియానా వాళ్ళ భూములు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. నఫీసా శుక్రవారాలు మారలేదు. అక్కడి చట్టం మీద గొడవ నేను వచ్చాకా సాగుతూనే ఉంది.

మొన్న సునంద ఫోన్ చేసింది. గ్రేమ్ శనివారాలు తన తుపాకీతో వచ్చి కుందేళ్ళ పని చూస్తున్నాడట. చాయ్ తాగి, తుపాకీ తనతోనే పట్టుకుపోతాడట. రఘు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మడి చుట్టూ జాలీ కడుతున్నాడు. జాలీ కింద కుందేళ్ళు బొరియలు తవ్వుతున్నాయి. "రోజూ తిడ్తుండక్కా వాటిని, నోటికొచ్చినట్టు" అంది, సంబరంగా. అక్కడ చలి మొదలైందట. అందుకని నేను రోజు విడిచి రోజు రఘుకే ఫోన్ చేస్తాను. అతను విసుక్కుంటాడు. విసుక్కోనీ.

నిన్న మా లిఫ్టు మళ్ళీ ఆగింది. మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో విమల ముగ్గు వేసిన గుమ్మం ముందు నిలబడి పూలు బేరమాడుతోంది. రివాల్వరాయన భార్య. పదేళ్ళ పరిచయం. కూరలు ఇచ్చిపుచ్చుకున్నాం, ఆయన్ను నేను తిట్టని మీటింగు లేదు. ఆమెను ఒక్కమాట అడిగింది లేదు. పూలమ్మే ఆమె కింది మెట్లు దిగేదాకా ఆగాను.

"విమలా, ఇంట్ల తుపాకీ ఉంటే నీకు నిద్ర పడ్తదా?"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పూల పొట్లం గుండెకు అదుముకుని, మొదట వెనక్కి తిరిగి, తన ఇంటి తలుపు వేసి ఉందో లేదో చూసింది.